కారం అడిగిన కొండ

కిందటి ఆదివారం ఉదయం మా వియ్యపురాలు పోయింది. మనవాళ్ళు దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. ఆవిడ విషయంలో ఆ మాట కూడా కుదరదు. ఆవిడ కొండెక్కి, దిగి, కింద హోటల్లో రొటీ చనాయ్ తిని, రెండో టీ చెప్పి, ఆ టీ వచ్చేలోపు కుర్చీలోనే వెళ్ళిపోయింది. టీ తెచ్చిన హోటలాయన ఆవిడ కునుకు తీస్తోందనుకున్నాడట. చల్లారిపోతుందని గ్లాసు మీద సాసరు మూతపెట్టి మరీ వెళ్ళాడట. ఆవిడతో ఆదివారాలు కొండెక్కే జట్టు వాళ్ళు వచ్చి లేపితే గాని సంగతి తెలియలేదు.

"కొండ మీద పోతే మోసుకొచ్చీవోళ్ళకి నడుం పడిపోద్ది. నాను కిందికి దిగినాకే పోతాను" అని ఆవిడ చాలాసార్లు అనేది. మేం హాస్యం అనుకునేవాళ్ళం.

దహనానికి ఆ జట్టంతా పసుపుపచ్చ టీషర్టులు వేసుకుని వచ్చారు. చీనా ఆంటీలు, తమిళ అక్కలు, రిటైరైన ఒక మలాయ్ మాస్టారు, అందరూ ఒకటే రంగు. జట్టులో ఎవరు పోయినా మిగతావాళ్ళు ఏడుపుమొహాలతో రాకూడదని, జట్టు టీషర్టే వేసుకుని రావాలని ఆవిడే ఎప్పుడో తీర్మానం చేసి పెట్టిందట. పంతులుగారు మంత్రం మధ్యలో ఆగి, "వీళ్ళు ఏ కంపెనీ తరఫున వచ్చారండీ" అని మా అల్లుడి చెవిలో అడిగారు. తల్లి పోయిన దుఃఖంలో ఉన్న మా అల్లుడికి నవ్వాగలేదు. అది ఏడుపనుకుని అందరూ వాడి వీపు నిమిరారు.

ఆవిడ గురించి కంటతడి పెట్టించేలా నాలుగు ముక్కలు రాద్దామనే కూర్చున్నాను. పెన్ను పట్టుకుంటే నవ్వొస్తోంది. తప్పు నాది కాదు.

మాది గుంటూరు. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి కంప్యూటర్ ఉద్యోగానికి కౌలాలంపూర్ వచ్చి, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగబ్బాయిని చేసుకుంది. మనవరాలు పుట్టాక నేను ఏడాదిలో సగం ఇక్కడే ఉంటున్నాను. మా ఆయనకి విమానం పడదు. ఆయన గుంటూరులోనే ఉండి వీడియోలో పెత్తనం చేస్తుంటారు.

వియ్యపురాలు బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో పుట్టింది. తాతముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. చిన్నతనంలో రబ్బరు పాలు గీసింది. రబ్బరు నరికేసి నూనె చెట్లు, అంటే పామాయిలు, వేశాక, రాలిన పళ్ళు ఏరింది. పెళ్ళయ్యాక బడి క్యాంటీన్ నడిపింది. భర్త పోయినా, కొడుకు రమ్మన్నా, ఆ ఊళ్ళో తన ఇల్లు వదల్లేదు. ఇంటర్వెల్ గంట కొట్టగానే మీదపడే పిల్లల్ని ఏళ్ళ తరబడి అదుపులో పెట్టిన గొంతు అది. రిటైరయ్యాక కూడా ఆ గొంతు తగ్గలేదు. రహస్యం చెబుతానని పక్కకి పిలిస్తే, చుట్టుపక్కలవాళ్ళు కూడా తలలు వంచి వినేవారు.

పెళ్ళి హడావిడిలో మేం సరిగ్గా మాట్లాడుకోనే లేదు. మనవరాలు పుట్టాక నేను వచ్చినప్పుడు, నన్ను తీసుకెళ్ళడానికి ఎయిర్‌పోర్టుకి ఆవిడే వచ్చింది. నేను బ్యాగు కింద పెట్టి, చేతులు జోడించి, "నమస్కారమండీ వదినగారూ, అందరూ కులాసాయేనా" అన్నాను. ఆవిడ కాసేపు నన్ను ఎగాదిగా చూసి, కొడుకు వైపు తిరిగింది.

"ఈవిడేటిరా, రేడియోలో వార్తలు సదివినట్టు మాటాడతంది."

ఆ తర్వాత నా బ్యాగు తను భుజాన వేసుకుని, "రా వదినా, గారు గీరు ఒగ్గీయ్. ఆకలేస్తందా? మాకాన్ సేసి ఎల్దాం లా" అని ముందుకు నడిచింది. మాకాన్ అంటే మలాయ్‌లో తిండి అని, ఏ మాట చివరైనా లా తగిలించడం ఇక్కడి అలవాటని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం కారు దగ్గరికి వెళ్ళేదాకా మేకప్ చేసుకుని వెళ్దాం అంటోందనుకుని, ముఖం తుడుచుకుంటూ నడిచాను.

ఇంటికి చేరాక అసలు గొడవ మొదలైంది. ఉయ్యాల్లో పసిపిల్లని చూపించి, "ఇదిగో, మన గుంట" అంది. నాకు ఒళ్ళు మండింది. బంగారంలాంటి పిల్లని పట్టుకుని గుంట అంటుందేమిటి? మాకు గుంటంటే గొయ్యి. ఆ మాటే అన్నాను. ఆవిడ ఏమాత్రం తొణక్కుండా, "ఆడపిల్లని గుంటనక ఏటంటారు? మీ ఊరి పేరులోనే గుంట ఉంది కదేటి" అంది.

మా అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి, కుక్కర్ శబ్దంలో నవ్వుకుంది.

మనవరాలికి మాటలు వచ్చేసరికి మా ఇద్దరి మధ్య నిజంగానే యుద్ధం మొదలైంది. పిల్ల "ఏటి" అంటే నేను "ఏమిటి అనాలమ్మా" అనేదాన్ని. "నాన్న వచ్చాడు" అంటే ఆవిడ "వచ్చినాడు" అని దిద్దేది. నేను "లేదు" అని నేర్పితే, ఆవిడ వచ్చే ఆదివారం మధ్యాహ్నానికల్లా అది "నేదు" అయ్యేది. సోమవారం నేను మళ్ళీ ఇస్త్రీ చేసేదాన్ని. అలా కొన్నాళ్ళు లాగాక, ఆ పిల్ల ఒక తెలివైన పని చేసింది. ఇద్దరితోనూ తెలుగు మాట్లాడటం మానేసింది. ఏం కావాలన్నా ఇంగ్లీషు, లేదా కిండర్‌గార్టెన్‌లో నేర్చుకున్న మలాయ్. మేం పిలిస్తే అర్థమయ్యేది, వచ్చేది. నోరు మాత్రం విప్పేది కాదు. మేమిద్దరం ఆ పాపం ఎదుటివాళ్ళదేనని మా అమ్మాయికి విడివిడిగా ఫిర్యాదు చేసుకున్నాం.

ఆదివారాలు ఆవిడ జట్టుతో ఊరి అంచున ఉన్న అడవి కొండ ఎక్కి, దిగి, చెమటతో తడిసిన బట్టలతోనే మా ఇంటికి వచ్చేది. నన్ను కూడా బలవంతాన లాక్కెళ్ళేది. నేను చీర కట్టుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని వెళ్ళేదాన్ని. ఆ వేషం చూసి చీనా ఆంటీలు నాతో ఫోటోలు దిగేవారు. ఎక్కడ చూసినా చెట్ల వేళ్ళు, బురద, జలగలు. ఆయాసంతో ఎవరైనా దారి పక్కన కూలబడి, ఇంకా ఎంత దూరమని అడిగితే, ఆవిడ ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేది. "టెన్ మినిట్ లా." కొండ మొదట్లోనైనా పది నిమిషాలే, సగంలోనైనా పది నిమిషాలే. ఒకసారి కొండ దిగుతున్నవాళ్ళకి కూడా, అడక్కుండానే, పైకి పది నిమిషాలే అని చెప్పింది.

"అబద్ధం కదా వదినగారూ" అన్నాను.

"నిజం సెప్తే ఎవురెక్కుతారు?" అంది.

ఆ మాట మొదట్లో నాకు నచ్చలేదు. కానీ ఆవిడ చెప్పిన పది నిమిషాలు నమ్మి, ఎక్కలేమనుకున్న కొండ నేను చాలాసార్లు ఎక్కేశాను.

ఒకరోజు అలా పైకెక్కి కూర్చున్నాం. ఇంత కష్టపడి ఎక్కితే పైనుంచి ఏదైనా కనిపిస్తుందనుకుంటాం కదా. కనిపించినవి చెట్లే. ఆవిడ నాసి లెమాక్ పొట్లం విప్పి, ఆ కొబ్బరిపాల అన్నంలో నేను తెచ్చిన ఆవకాయ కలుపుకుంటూ అంది.

"పుట్టిన కాడినుంచి సెట్లే వదినా. రబ్బరు సెట్టు, నూనె సెట్టు, అడివి సెట్టు. ఎటు సూసినా ఓ సెట్టు అడ్డం. మనిసి కన్ను ఎంత దూరం పోతాదో నాను ఒక్కపాలి కూడా సూడనేదు. సెట్టన్నది నేని సోటుకి ఓసారెల్లాల."

ఆ మాట కొడుకు చెవిన పడింది. ఆవిడ అరవయ్యో పుట్టినరోజుకి జోర్డాన్ దేశంలో వాడి రమ్ అనే ఎర్ర రాళ్ళ ఎడారికి ఇద్దరికి టికెట్లు కొన్నాడు. తను తోడు వెళ్దామనుకున్నాడు, సెలవు దొరకలేదు. మా అమ్మాయికీ దొరకలేదు. కొండ జట్టులో అందరికీ మనవల పరీక్షలు. చివరికి మిగిలింది నేను.

"వెళ్ళమ్మా" అంది మా అమ్మాయి. "రాజీ పడితే ఇద్దరూ తిరిగొస్తారు. లేకపోతే ఎవరో ఒకరైనా వస్తారు."

వాడి రమ్ గురించి ఏం చెప్పను. మా గుంటూరు మిర్చి యార్డులో సీజన్లో కుప్పలు పోసిన ఎండుమిర్చి చూసినవాళ్ళకి ఆ రంగు చెప్పక్కర్లేదు. అలాంటి కుప్పలు ఆకాశమంత ఎత్తున గడ్డకట్టి నిలబడితే అవే ఆ కొండలు. మధ్యలో ఎర్ర ఇసుక. గాలి చెక్కిన రాళ్ళు కొన్ని కరిగిన కొవ్వొత్తుల్లా, కొన్ని ముడతలు పడ్డ ముసలి మొహాల్లా ఉన్నాయి. జీపు దిగి మా వదిన చాలాసేపు నిలబడిపోయింది. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూసింది. తీసేసి చూసింది.

"పోతానే ఉంది వదినా కన్ను" అంది నెమ్మదిగా. "ఆపీవోడు నేడు."

నేను కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూశాను. ఎడారి మీద ఆ గౌరవం మధ్యాహ్నం దాకా నిలిచింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆవిడ నాలుగు దిక్కులూ చూసి, "ఏటి, ఒక్క సెట్టు కూడా నేదా ఈ ఊళ్ళో" అని చిరాకుపడింది. దూరంగా రాతి సందులో మొలిచిన ఒక ముళ్ళపొద కనిపిస్తే, పరిగెత్తినట్టే వెళ్ళి దాని నీడలో తల ఒక్కటి దూర్చి కూర్చుంది.

మా గైడు మీసాలాయన. ఎడారిలోనే పుట్టిన మనిషి, ఇంగ్లీషు బాగానే మాట్లాడేవాడు. ఈ దారుల్లో నడిచేవాళ్ళు మాట్లాడకూడదని, నిశ్శబ్దం వినాలని, దూరదేశాలవాళ్ళు అందుకోసమే వస్తారని మొదటిరోజే చెప్పాడు. నేను వదినకి తెలుగులో చెప్పాను.

"సప్పుడు నేకపోతే ఏటి వినాల?" అంది.

"అదే వినాలట."

ఆవిడ నిజాయితీగానే ప్రయత్నించింది. పెదాలు బిగించి, చేతులు వెనక్కి కట్టుకుని, బడిపిల్లలా నడిచింది. మొదటి మలుపు తిరగ్గానే రెండు ఎర్ర గోడల మధ్య సన్నటి దారి వచ్చింది. ఆవిడ దగ్గింది. గోడలూ దగ్గాయి. అంతే, నిశ్శబ్దం కథ ముగిసింది.

"ఓలమ్మీ" అని కేకేసింది. "అమ్మీ, అమ్మీ" అని కొండ పలికింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. "సూసినావా? ఈ కొండ మా తెలుగే మాటాడతంది. నీది పలుకుతాదేమో అడుగు."

పౌరుషానికి పోయి నేను కూడా గొంతు సవరించుకుని, "నమస్కారం" అన్నాను. కొండ కాసేపు ఆలోచించినట్టు ఆగి, "కారం, కారం" అంది.

వదిన ఇసుకలో కూర్చుండిపోయి నవ్వింది. ఆ నవ్వు కూడా రెండు గోడల మధ్య తిరిగి తిరిగి వచ్చింది. "గుంటూరోళ్ళు వచ్చినారని కొండకి తెలిసిపోనాది వదినా. కారం అడుగుతంది, తెచ్చినావా?" మీసాలాయన ఏమైందని అడిగితే ఆవిడ తన ఇంగ్లీషులో వివరించబోయింది. "దిస్ మౌంటెన్, హంగ్రీ." ఆయన తల ఊపి, ఏదో పెద్ద తత్వమనుకుని, ఆ సాయంత్రం డేరా దగ్గర ఉన్న జర్మన్ దంపతులకి కూడా చెప్పాడు. వాళ్ళు చాలాసేపు ఆ కొండ వైపు చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు సాయంత్రం గైడు వంటలో ఉండగా, డేరా వెనక ఉన్న బండరాయి చుట్టూ ఒకసారి తిరిగొద్దామని ఆవిడ అంది. చుట్టూ తిరిగితే బయలుదేరిన చోటికే వస్తాం కదా, తప్పిపోయేదేముంది. ఇద్దరం బయలుదేరాం. ఆ రాయి ఒకటి కాదు. ఒకదాని వెనక ఒకటి ఆనుకుని ఉన్నాయి. చుట్టి వచ్చామనుకున్నచోట ఇంకో మలుపు వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే మా అడుగులు మేకల అడుగుల్లో కలిసిపోయాయి. ఫోను తీశాను. ఒక్క గీత కూడా లేదు.

"ఇంకా ఎంత దూరం వదినగారూ?" అన్నాను.

"టెన్ మినిట్ లా" అంది అలవాటుగా.

అన్నాక ఆవిడ నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. ఆ పది నిమిషాలు ఎలాంటివో మా ఇద్దరికీ తెలుసు.

రాతి నీడలో కూర్చున్నాం. సీసాలో నీళ్ళు అడుగున ఉన్నాయి. నువ్వు తాగమంటే నువ్వు తాగమని ఒకరికొకరు ఇచ్చుకున్నాం, ఇద్దరం తాగలేదు. ఎండ వాలుతోంది. అప్పుడు మొదటిసారిగా ఆ మనిషి మాట్లాడటం మానేసింది. గైడు చెప్పిన నిశ్శబ్దం ఇదేనని నాకు తెలిసింది. ఏం బాగాలేదు. ఆవిడ అరిచినంతసేపు నాకు భయం వెయ్యలేదు. ఆవిడ ఊరుకోగానే వేసింది. ఆ భయంలో నా నోటి నుంచి ఏం వచ్చిందో నాకే తెలియలేదు.

"ఏటి వదినా, మాటాడవేటి?"

ఆవిడ చటుక్కున తల తిప్పింది. "ఇప్పుడు సరిగ్గా మాటాడినావు" అంది.

ఇద్దరం కాస్త నవ్వాం. తర్వాత ఆవిడ ఇసుక గుప్పిట్లోకి తీసుకుని వదులుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు.

"నాను పుట్టిన తోట నేదు వదినా. మేమున్న కూలోళ్ళ లైనిళ్ళు పడగొట్టీసినారు. తోట గుడి ఎత్తీసినారు. మా యమ్మది ఫోటో కూడా నేదు, ఎవురు తీస్తారు. మాటొక్కటే ఉండిపోనాది. గుంట 'ఏటి' అంటే మా యమ్మ పలికినట్టుంటాది నాకు. నువ్వు దాన్ని దిద్దినప్పుడల్లా, మా యమ్మని గుమ్మం బయట నిలబెట్టీసినట్టుంటాది."

నేను కూడా నా సంగతి చెప్పాను. "నేను ఏడాదిలో సగమే ఉంటాను వదినా. మళ్ళీ వచ్చేసరికి ఆ పిల్ల నన్ను కొత్తవాళ్ళని చూసినట్టు చూస్తుంది. నా మాటలు రెండు దాని నోట్లో ఉంటే, నేను లేనప్పుడు కూడా ఉన్నట్టే కదా అనుకున్నాను."

ఆవిడ ఆలోచించింది. "రెండూ ఉండనీ లా" అంది చివరికి. "గుంటకి నోరు పెద్దదే. మనిద్దరం పడతాం."

అప్పుడే మేకల మెడగంటలు వినిపించాయి. నల్ల ముసుగేసుకున్న ఒకావిడ, మా ఈడు మనిషే, మేకల్ని తోలుకుంటూ మలుపు తిరిగింది. చీరలో ఒకావిడ, ట్రాక్ ప్యాంటులో ఒకావిడ రాతి కింద కూర్చుని ఉంటే చూసి ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఇలాంటివాళ్ళు అక్కడ అప్పుడప్పుడు దొరుకుతారనుకుంటాను. చెయ్యి ఊపి రమ్మంది. రెండు రాళ్ళు దాటితే ఆవిడ డేరా. వదిన దారంతా నా వైపు చూస్తూ, "సెప్పినాను కదా, టెన్ మినిట్" అంది.

డేరాలో ఆవిడ ఒక ప్లాస్టిక్ కుర్చీ లాగి, ధూళి దులిపి, నాకు చూపించి "కుర్సీ" అంది.

నేను అదిరిపడ్డాను. "కుర్చీ" అన్నాను.

"కెరుసి" అంది వదిన. మలాయ్‌లో కుర్చీని అలాగే అంటారు.

ముగ్గురం ఆ ప్లాస్టిక్ కుర్చీ వంక కొత్త వస్తువును చూసినట్టు చూశాం. మేకలావిడ మళ్ళీ అంది, మేం మళ్ళీ అన్నాం. ఎవరూ ఎవరినీ దిద్దలేదు. తర్వాత టీ వచ్చింది, పానకంలా తియ్యగా. ఆవిడ మర్యాదకి పుట్టి కొన్నాళ్ళే అయిన మేకపిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అది వెచ్చగా ఉందని ముచ్చటపడుతుండగానే మరీ వెచ్చగా అయింది. కొంగు నుంచి కుచ్చిళ్ళ దాకా తడిపేసింది.

"సబ్బు, సబ్బు" అన్నాను కంగారులో.

"సాబూన్" అంది మేకలావిడ, లేస్తూ.

"సాబున్" అంది వదిన, నవ్వు ఆపుకోలేక. "వదినా, మన ముగ్గురం ఒకే తోటోళ్ళం. మధ్యలో ఎవురో ఏరు సేసినారు."

మేకలావిడ దగ్గర సెల్‌ఫోను ఉంది. దాన్ని డేరా గుంజకి ఒక ప్రత్యేకమైన మూల కడితే గాని పలకదట. మా మీసాలాయన ఆవిడకి మరిదే. ఆవిడ ఫోను చేస్తే జీపు తెస్తానన్నాడు.

తిరిగి వచ్చాక ఏమైందో కూడా చెప్పాలి. మేమిద్దరం ఒప్పందానికి వచ్చామని పిల్లకి ఎవరూ చెప్పలేదు. దిద్దడం మానేశాం, అంతే. కొద్దిరోజులకే దానికి నోరు పెగిలింది. నాతో "ఏమిటి", ఆవిడతో "ఏటి", పక్కింటి పిల్లితో మలాయ్. ఎవరితో ఏది మాట్లాడాలో ఒక్కసారి కూడా పొరపడలేదు. నేను ఆవిడని వదినగారూ అనడం మానేశాను. ఇక్కడున్న ఆదివారాలన్నీ కొండెక్కాను, ఈ కిందటి ఆదివారం తప్ప. ఆ రోజు నాకు జలుబు చేసింది. ఉండిపొమ్మని ఆవిడే అంది.

దహనం నుంచి వచ్చాక మనవరాలు నా దగ్గరికి వచ్చి కూర్చుంది. అంతవరకు ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. "మామ్మ ఎటెల్లిపోనాది?" అని అడిగింది. నాతో అది అలా మాట్లాడటం ఎన్నడూ లేదు. ఎవరి మాటతో అడగాలో దానికి తెలుసు. నేను దాన్ని దగ్గరికి తీసుకుని, "తెలవదే గుంటా" అన్నాను.

ఆవిణ్ణి తలుచుకుంటే నాకు మాత్రం ఆ సాయంత్రం, జీపు కోసం ఎదురుచూసిన సమయమే కళ్ళముందుకి వస్తోంది. మేకలావిడ ట్యాంకులోంచి సగం బకెట్టు నీళ్ళిచ్చింది, దాంట్లో చీర ఉతికాను. జలగల దేశపు మనిషి కాబట్టి వదిన సంచిలో ఎప్పుడూ ఒక జత బట్టలు అదనంగా ఉండేవి. ఆవిడ ట్రాక్ ప్యాంటు, పసుపుపచ్చ టీషర్టు వేసుకుని డేరా బయటికి వచ్చాను. అరవై దాటాక మొదటిసారి నా రెండు కాళ్ళు విడివిడిగా నడిచాయి. చీర ఆరెయ్యడానికి తాడు లేదు, కొమ్మ లేదు. కింద పరిస్తే ఇసుక, డేరా మీద వేస్తే మేకలు. దాంతో ఒక చివర నేను పట్టుకున్నాను, ఇంకో చివర పట్టుకుని ఆవిడ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయింది.

గాలి లేచింది. చీర పొట్ట ఉబ్బించుకుని పైకి లేచింది. కొండలు ఆ వేళకి బాగా ఎర్రబడ్డాయి. ఆ చివర ఆవిడ మడమలు ఇసుకలో పాతుకుని, వెనక్కి వాలి, రెండు చేతులా గుంజి పట్టుకుని, నాతో ఏదో చెబుతోంది. చీర టపటపలాడుతోంది. ఏటని అరిచాను. ఆవిడ మళ్ళీ చెప్పింది, చేతులు ఖాళీ లేక గడ్డంతో ఎటో చూపిస్తూ, ఆపకుండా, నవ్వుతూ.